దుందుభి ఒడ్డు గుంతను పూడ్చేముందు ఒకసారి చూడండి

సంపాదకుడు గారికి,

జడ్చర్ల దగ్గర దుందుభి ఒడ్డున, మా ఊరి శివారులో, ఇటుక బట్టీ కోసం తవ్వి వదిలేసిన గుంత ఒకటి ఉంది. రెండు నిలువుల లోతు. దాన్ని మొరంతో నింపి ప్లాట్లు చేస్తారట, హద్దురాళ్లు అప్పుడే పాతేశారు. పూడ్చేలోగా ఆ గుంత గోడను తెలిసినవాళ్లు వచ్చి చూడాలనే ఈ ఉత్తరం.

గోడలో పైన మేం దున్నే రేగడి. దాని కింద జానెడు ఇసుక. ఇసుక కింద మళ్లీ రేగడే! నెర్రెలు బారిన జాడలు, సన్నని వేళ్లు దిగిన గీతలు, రేగుపండ్లంతేసి సున్నపు గడ్డలు అన్నీ ఉన్నాయి. అంటే అదీ ఒకప్పుడు గడ్డి మొలిచిన నేలే. వాగు పొంగి ఇసుక కప్పేసింది. ముప్పై ఏళ్లు బడిలో సైన్స్ చెప్పాను గానీ, ఇలాంటి గోడ ముందు పిల్లలను ఒక్కనాడూ నిలబెట్టలేదు.

సున్నం అలా గడ్డకట్టాలంటే వానల తర్వాత గట్టి ఎండలుండాలి, పైగా వందల నుంచి వేల ఏళ్ల దాకా ఆ నేలను ఎవరూ కదపకూడదు. బూడిదరంగు మట్టిలో తుప్పు మచ్చలుంటే అక్కడ నీళ్లు నిలిచేవని అర్థం. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, బిగ్‌హార్న్ లోయలో, అయిదు కోట్ల ఏళ్లు దాటిన శిలాజ నేలలు, అంటే రాయిగా మారిన పాతకాలపు నేలలు, ఉన్నాయి. వాటిని పరిశీలించిన థామస్ బౌన్, మేరీ క్రౌస్ 1987లో ఒక లెక్క చెప్పారు. నది పాయకు దగ్గర్లో వరద మాటిమాటికీ ఒండ్రు వేస్తుంది గనుక నేల ముదరదు. దూరం పోయేకొద్దీ వరద అరుదు, నేలకు ముదిరే తీరిక ఎక్కువ. మా గుంత అంత పాతదని అనను. చదివే పద్ధతి మాత్రం అదే.

మా దగ్గర వాగు హద్దంటే రెవెన్యూ నక్షాలో గీత. వాగు గురించి మాట వచ్చిందంటే ఇసుక ట్రాక్టర్ల పంచాయితీయే. ‘ఇక్కడిదాకా నీళ్లేడొస్తయి సార్’ అంటున్నారు ప్లాట్లు అమ్మేవాళ్లు. మరి ఆ జానెడు ఇసుకను ఎవరు తెచ్చి పోసినట్టు? 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ కలిసి అలంపూర్ వైపు ఊళ్లను ముంచకముందు అక్కడా ఇలాంటి మాటే అనుకుని ఉంటారు.

వాగుల పక్కన లేఅవుట్లకు అనుమతి ఇచ్చేముందు ఇలాంటి గుంతల గోడలను భూగర్భ శాస్త్రవేత్తలతో చూపించాలని జిల్లా అధికారులను కోరుతున్నాను. ఇసుక రేణువు చివరిసారి వెలుతురు చూసి ఎన్నేళ్లయిందో కొలిచే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది. అలా కొలిస్తే ఆ వరద వయసు తెలుస్తుంది. జీఎస్ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలోనే ఉంది, రెండు గంటల ప్రయాణం. మన పాలమూరు విశ్వవిద్యాలయం ఇంకా దగ్గర.

వచ్చేదేదో మృగశిర కార్తె లోపు రావాలి. ఒక్క పెద్దవాన కొడితే గోడ జారిపోతుంది. వాన కొట్టకపోయినా మొరం టిప్పర్లు ఆగవు.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, జడ్చర్ల ప్రాంతం, మహబూబ్‌నగర్ జిల్లా