నవ్వు ఎవరి మీద పడుతోందో చూడు

అమ్మలూ,

కన్యాశుల్కం నాటకం చూసి రాత్రి ఫోన్ చేసినప్పుడు నీ గొంతులో కోపం వినిపించింది. "పసిపిల్లని ముసలాడికి అమ్మేస్తుంటే హాల్లో అంతలా ఎందుకు నవ్వారమ్మా?" అన్నావు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

గురజాడ ఆ నాటకానికి రాసిన ముందుమాట వెతికి చదువు. విజయనగరం మహారాజా ఆనందగజపతి, విశాఖపట్నం జిల్లాలో పెళ్ళికొడుకు దగ్గర డబ్బు తీసుకుని చేసిన పెళ్ళిళ్ళ లెక్క తీయించాడు. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు. వాటిలో ఐదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు! డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి చాలామంది ఇష్టపడలేదు కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువే ఉంటుంది.

1892లో విజయనగరంలో నాటకం మొదటిసారి ఆడినప్పుడు ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఎవరనుకున్నావు? ఆ ఊరివాళ్ళే. నాటకంలో కూతుర్ని అమ్మే అగ్నిహోత్రావధాన్లు లాంటి మనిషి వాళ్ళ వీధిలోనే ఉండి ఉంటాడు. "ఆడపిల్లని అమ్ముకోవడం పాపం" అని ఉపన్యాసం ఇస్తే లేచి వెళ్ళిపోయేవాళ్ళే, ముసలి పెళ్ళికొడుకు లుబ్ధావధాన్లు ఆడవేషం వేసిన కుర్రాడిని డబ్బు పోసి కొనుక్కుంటుంటే పగలబడి నవ్వారు. ఆ నవ్వులో సిగ్గు కూడా ఉందని నా నమ్మకం. వీరేశలింగం గారు అంతకు ముందే, 1870ల నుంచీ, ప్రహసనాలు, అంటే నవ్వించే చిన్న నాటకాలు, రాస్తూ ఆ దారి వేశారు. పెద్దయ్యగారి పెళ్ళి అని జనం పిలుచుకున్న ప్రహసనం కూడా ఇలాంటి ముసలి పెళ్ళికొడుకు కథే.

తర్వాత జరిగింది ఇంకా ఆలోచించాల్సిన విషయం. మరో ముప్ఫై ఏళ్ళకి కాళ్ళకూరి నారాయణరావు వరవిక్రయం రాసేసరికి బేరం తలకిందులైంది. ఇప్పుడు అమ్ముడుపోయేది పెళ్ళికొడుకు. ఆ నాటకంలో కట్నం భారం తండ్రి మీద పడుతుందని పెద్దకూతురు కాళింది ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల పెళ్ళి చేసుకుని, డబ్బిచ్చి కొన్నాం కాబట్టి పెళ్ళికొడుకు మా ఇంట్లోనే ఉండాలని వాదిస్తుంది. కట్నం పుచ్చుకున్న పిసినారి లింగరాజు గారి గిలగిల చూసి జనం నవ్వారు. కన్యాశుల్కం పోయింది, కట్నం మిగిలింది. కట్న నిషేధ చట్టం 1961లో వచ్చినా లింగరాజు ఈరోజుకీ మనకి పాతవాడిగా అనిపించడు, నాకు బాధ కలిగించేది అదే. నువ్వు నవ్వలేకపోయిన చోట ఆ దురాచారం నీకు పరాయిదైంది, అందుకు నాకు సంతోషంగానే ఉంది.

ఇంకొకటి. మీ కాలేజీ స్కిట్‌లో పనిమనిషి పాత్రకి మన విజయనగరం యాస పెట్టామని చెప్పావు కదా. చాలా ఏళ్ళు సినిమాల్లో హీరో ఒక రకం తెలుగు మాట్లాడితే, మన యాసా తెలంగాణ యాసా పనివాళ్ళకీ రౌడీలకీ కమెడియన్లకీ మిగిలాయి. ఎవరి మాట గొప్పదో, ఎవరిది తక్కువదో అలా నవ్విస్తూనే నేర్పేశారు. తెలంగాణ ఉద్యమం తర్వాత అక్కడి మాట హీరోల నోట, హీరోయిన్ల నోట గర్వంగా వినిపిస్తోంది. మన ఉత్తరాంధ్ర మాటకి ఆ రోజు ఇంకా పూర్తిగా రాలేదు. కన్యాశుల్కంలో అయితే అవధాన్లూ, పంతులూ, మధురవాణీ, అందరూ ఇక్కడి మాటే మాట్లాడతారు. అందుకే అక్కడ నవ్వు మనిషి బుద్ధి మీద పడింది, యాస మీద కాదు.

ఆ పాత్ర తీసేయమని నేను చెప్పను. రిహార్సల్‌లో ఒక్కసారి ఆ యాసని మీ స్కిట్‌లో కలెక్టరు గారికిచ్చి, పనిమనిషి చేత మీ హైదరాబాద్ కాలేజీ తెలుగు మాట్లాడించి చూడండి. అప్పుడూ నవ్వొస్తే డైలాగ్ బాగున్నట్టే. రాకపోతే ఆ డైలాగ్ మళ్ళీ రాయండి. ఏమైందో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ అమ్మ