దగ్గితే మూత్రం పడటం వయసు తెచ్చే మామూలు బాధ కాదు

సంపాదకులకు నమస్కారం.

ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఆడవాళ్లు తోబుట్టువులతో కూడా చెప్పుకోని ఒక బాధ గురించి రాస్తున్నాను.

దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం చుక్కలు పడటం. వెళ్లాలనిపించాక బాత్రూం చేరేలోపే ఆగకపోవడం. కింద ఏదో బరువుగా జారుతున్నట్టుండి, సాయంత్రానికి ఎక్కువై, పడుకుంటే తగ్గడం. మలం ఆపుకోలేకపోవడం, లేదా ఎంత ముక్కినా పూర్తిగా కాలేదనిపించడం. భర్తతో కలిసినప్పుడు నొప్పి. వేర్వేరు జబ్బుల్లా కనిపించినా చాలాసార్లు వీటి మూలం ఒక్కచోటే ఉంటుంది. మూత్రాశయాన్ని, గర్భసంచిని, మలాశయాన్ని కింద నుంచి మోసే కటి కండరాలు సరిగ్గా పనిచేయకపోవడమే అది. కాన్పులు, తీరని మలబద్ధకం, తగ్గని దగ్గు, బరువుల పని, నెలసరి ఆగిపోవడం దీనికి దారితీస్తాయి. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన మగవాళ్లకూ వస్తుంది.

దీనికి మనవాళ్లు చేసుకునే వైద్యం నీళ్లు మానెయ్యడం! పెళ్లికి బస్సెక్కాలంటే పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు ముట్టరు. పాత చీర గుడ్డ మడతపెట్టుకుంటారు. తుమ్ము వస్తుందంటే కాళ్లు మెలేసుకుని బిగబట్టుకుంటారు. నీళ్లు తగ్గితే మంట, మలబద్ధకం కూడా తోడవుతాయి. ఇంకొందరు గర్భసంచి తీయించేసుకుంటే పీడ వదులుతుందనుకుంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. నిజంగా ఆపరేషన్ అవసరమైనవాళ్లు ఉంటారు, కాదనను. కానీ మూత్రం ఆగకపోవడానికి అది మందు కాదు.

చాలామందికి మొదటి వైద్యం వ్యాయామమే. గ్యాస్ పోకుండా ఆపుకునేటప్పుడు బిగిసే కండరాలను ఊపిరి బిగపట్టకుండా, పొట్ట, పిరుదులు బిగించకుండా బిగించి వదలాలి. ఒక్కో విడతకు 8 సార్లు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు. అయితే ఫోన్‌లో వీడియో చూసి మొదలుపెట్టేయకండి. కొందరికి ఆ కండరాలు వదులై కాదు, మరీ బిగుసుకుపోయి బాధ వస్తుంది. వాళ్లు ఇంకా బిగిస్తే నొప్పి ముదురుతుంది, ముందు వదలడం నేర్చుకోవాలి. ఏది ఎవరికో ఫిజియోథెరపిస్టు పరీక్షించి చెప్పాలి.

కాన్పయి 6 వారాలు దాటినా ఈ లక్షణాలు తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి. కాన్పు ఎప్పుడో అయినా సరే, ఆలస్యమైందని మానొద్దు. మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం అసలే రాకపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రభుత్వానికి నా మనవి. ఆసుపత్రిలో కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త 42వ రోజు వరకు 6 సార్లు వెళ్తుంది. బిడ్డ బరువు చూస్తుంది, పాలు పడుతున్నాయా అని అడుగుతుంది. ఆఖరిసారి వెళ్లినప్పుడు తల్లిని పక్కకు పిలిచి, "దగ్గితే మూత్రం పడుతోందా అమ్మా?" అని కూడా అడిగేలా ఆదేశాలివ్వండి. అవునన్న తల్లిని పంపడానికి ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఈ పనిలో శిక్షణ పొందిన ఒక మహిళా ఫిజియోథెరపిస్టును, తలుపు వేసుకోగల ఒక గదిని ఏర్పాటు చేయండి.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, గుంటూరు జిల్లా