మంగళవారం ‘రేపు ఇస్తానండీ’ అన్నది ఎందుకంటే

మారతహళ్లి చుట్టుపక్కల మా దగ్గర టేపు బ్యాకప్ (కంప్యూటర్ ఫైళ్ల నకలు అయస్కాంత టేపు మీద దాచడం) పెట్టించుకున్న వాళ్లందరికీ నమస్కారం.

మంగళవారం మీలో ఒక ఆడిటర్ గారు, పొరపాటున చెరిపేసిన లెడ్జర్ ఫైలు తీసిమ్మని అడిగారు. ‘రేపు ఇస్తానండీ’ అన్నాను. పని ఎక్కువై అలా అన్నానని అనుకుని ఉంటారు. అదేం కాదు, ఆ టేపు చదవడం ఆ రోజు నా వల్ల కాలేదు.

రిస్టోర్ (టేపు నుంచి ఫైలు వెనక్కి తీయడం) కొట్టగానే ‘కెనాట్ అలొకేట్ మెమరీ’, అంటే మెమరీ కేటాయించలేను అని వచ్చింది. ర్యామ్ చాలలేదనుకుని కంప్యూటర్ సామాను దొరికే ఎస్పీ రోడ్డుకి పరిగెత్తి 16 జీబీ కొనుక్కొచ్చి వేశాను. మళ్లీ అదే మాట. క్లీనింగ్ కార్ట్రిడ్జ్ పెట్టాను, కేబుల్ మార్చాను. అంతా బోడిగుండుకీ మోకాలికీ ముడి. (ర్యామ్ ఖర్చు నాదే, మీ బిల్లులోకి రాదు.)

రాత్రి పదకొండింటికి తట్టింది. ఐదు వారాల కిందట కొత్త సర్వర్ పెట్టినప్పుడు, వేగం కోసమని టేపు మీద రాసే బ్లాక్ (ఒక్క విడతలో రాసే ముక్క) సైజు 256 కేబీకి పెంచాను. రిస్టోర్ చేసే పాత మెషీన్‌లో టార్ (టేపు చదివే ప్రోగ్రామ్) మాత్రం మామూలుగా 10 కేబీ బఫర్‌తోనే (చదివింది పట్టుకునే మెమరీ జాగా) చదువుతోంది. టేపు మీది బ్లాకుని ఒక్క విడతలో మొత్తం అందుకోవాలి, కొంచెం కొంచెంగా కుదరదు. బిందెడు నీళ్లు కుమ్మరిస్తుంటే చెంబు పట్టానన్నమాట. చెంబు చిన్నదని చెప్పడానికే లినక్స్ ఆ మెమరీ ఎర్రర్ వాడుతుంది. టార్‌కి బ్లాక్ సైజు చెప్పే ‘మైనస్ బి 512’ ఇచ్చాను. ఒక్కోటి 512 బైట్లు, అలాంటివి 512, వెరసి 256 కేబీ. బుధవారం పొద్దున కాఫీ వేళకి ఫైలు ఆడిటర్ గారికి చేరింది.

ఎవరి డేటా పోలేదు. కానీ ఈ ఐదు వారాల్లో మీలో ఎవరు అడిగినా ఇలాగే బిక్కమొహం వేసేవాణ్ణి. రోజూ ‘బ్యాకప్ ఓకే’ అని మెసేజ్ పెడుతూనే ఉన్నాను. రాయడం ఓకే, ఒక్కసారైనా చదివి చూడలేదు. తప్పు నాదే.

పనిలో పనిగా ఇంకో జబ్బూ దొరికింది. ఎల్‌టీఓ-6 రకం టేపు డ్రైవు సెకనుకు 160 మెగాబైట్లు మింగగలదు. స్కాన్ చేసిన బిల్లుల్లాంటి చిన్న చిన్న ఫైళ్లు అంత వేగంగా అందవు. డ్రైవు కొంతవరకు నెమ్మదిస్తుంది, అదీ చాలకపోతే ఆగి, వెనక్కి తిప్పుకుని, మళ్లీ మొదలెడుతుంది. బూటు పాలిష్ గుడ్డలా ముందుకీ వెనక్కీ. టేపూ అరుగుతుంది, దాన్ని చదివి రాసే హెడ్డూ అరుగుతుంది. ఇకనుంచి ముందు ఎస్ఎస్‌డీ (వేగమైన డిస్క్) మీద పోగుచేసి, అక్కడి నుంచి ఒకే ధారగా టేపుకి ఎక్కిస్తాను. అందువల్ల మీకు మెసేజ్ అర్ధరాత్రి కాకుండా తెల్లవారుజామున వస్తుంది, టెన్షన్ పడకండి.

ప్రతి నెలా మొదటి శనివారం ఒక్కొక్కరి టేపు నుంచీ ఒక ఫోల్డర్ తీసి చూపిస్తాను. ఏ ఫోల్డరో మీరే చెప్పండి, నేను ఎంచుకుంటే తేలికది ఎంచుకుంటాను. ఈ నెల ఫీజు సగమే పంపండి. ఇప్పటికే పూర్తిగా కట్టినవాళ్లకి వచ్చే నెల బిల్లులో తగ్గిస్తాను.