ఆన్‌లైన్ కోర్సుల్లో నేర్చుకునేవారికి పని పెట్టండి

సంపాదకులకు,

అయ్యా,

ఆన్‌లైన్ కోర్సులు ఆకర్షణీయంగా ఉండాలన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. ఉద్యోగుల శిక్షణకు పాఠాలు తయారుచేయడమే వృత్తిగా చాలా ఏళ్లు గడిపినదాన్ని కనుక ఆ మాటను అర్థం చేసుకుంటున్న తీరుపై నాకు అభ్యంతరం ఉంది. ఆకర్షణ అనగానే బొమ్మలు కదలాలి, వెనక సంగీతం మోగాలి, పాయింట్లూ పతకాలూ ఇవ్వాలి అనే అభిప్రాయం స్థిరపడిపోయింది. పాఠం నడుస్తున్నంతసేపూ నేర్చుకునే మనిషి స్వయంగా ఏం చేశాడన్నది ఎవరూ అడగడం లేదు.

ఈ పొరపాటు నేనూ చేశాను. ఒక సంస్థ కోసం అగ్నిప్రమాదాల నివారణపై 40 నిమిషాల పాఠం ఎంతో ముచ్చటగా తయారుచేశాను. ఉద్యోగులందరూ దాన్ని పూర్తిచేసినట్టు కంప్యూటర్‌లో నమోదయింది, బాగుందని మెచ్చుకున్నారు కూడా. నెల తిరిగాక, విద్యుత్ పరికరం అంటుకుంటే ముందుగా ఏం చేస్తారని అడిగితే సగం మంది తడబడ్డారు, కొందరు నీళ్లు పోస్తామన్నారు. ఆ పాఠాన్ని మళ్లీ రాసేటప్పుడు మొదటి తెరమీదే స్విచ్‌బోర్డు నుంచి పొగ వస్తున్న దృశ్యం పెట్టి, ఏమీ చెప్పకముందే నిర్ణయం వారినే తీసుకోమన్నాను. నీళ్లను ఎంచుకున్నవారికి ‘తప్పు’ అన్న ఒక్క ఎర్రటి మాటతో సరిపెట్టకుండా, నీటి గుండా విద్యుత్తు ప్రవహిస్తుందనీ, ముందు కరెంటు ఆపాలనీ, కార్బన్ డయాక్సైడ్ వంటి తగిన సాధనమే వాడాలనీ అక్కడికక్కడే వివరించాను. అదే ప్రశ్నను వేరే సన్నివేశంలో వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత మరోసారి అడిగాను.

ఇందులో నేను కనిపెట్టిందేమీ లేదు. చదివింది ఎంత త్వరగా చెదిరిపోతుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాల్లో ఒక పాఠ్యభాగాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు; వారం తర్వాత మాత్రం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేసినవారే స్పష్టంగా మెరుగైన ఫలితం చూపారు. పాఠం ముగిసీ ముగియగానే పెట్టే క్విజ్‌లో అందరికీ మంచి మార్కులు రావడం మనల్ని ఎందుకు మోసగిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక నేర్చుకునేవారిలోని వైవిధ్యం సంగతి. కొందరు చూసి నేర్చుకుంటారనీ, కొందరు విని నేర్చుకుంటారనీ విభజించి, ఎవరి తరహాకు తగిన పాఠం వారికివ్వాలన్న సలహా శిక్షణ రంగంలో దాదాపు శాసనంలా చెలామణీ అవుతోంది. దానికి తగినంత ఆధారం లేదని 2008లోనే నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అంతవరకు వచ్చిన పరిశోధనలను పరిశీలించి తేల్చిచెప్పారు. నా అనుభవంలో మనుషుల మధ్య అసలు తేడా వారికి ముందే తెలిసినదాంట్లో ఉంటుంది. కొత్తవారికి అడుగడుగునా సాయపడే వివరణ, పనిలో ఆరితేరినవారికి విసుగు పుట్టించడమే కాక అడ్డం కూడా పడుతుంది. అందుకే ఆరంభంలో నాలుగైదు ప్రశ్నలు వేసి, తెలిసిన భాగాన్ని దాటుకుని వెళ్లనివ్వాలి. కొత్తవారికి మాత్రం ముందు పూర్తిగా చేసి చూపిన ఉదాహరణ ఇచ్చి, తర్వాత ఒక మెట్టు వారికి వదిలి, ఆపైన మొత్తం పనీ అప్పగించాలి.

వినికిడి, చూపు, చేతుల కదలిక విషయంలో ఇబ్బందులున్నవారిని చివర్లో గుర్తుచేసుకోవడం మరో దురలవాటు. మామూలు పరిమాణంలోని అక్షరాలకూ వాటి నేపథ్యానికీ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు నిర్దేశిస్తున్నా, లేత బూడిదరంగు అక్షరాలు అందంగా ఉంటాయన్న మోజు తగ్గలేదు. మౌస్‌తో లాగి జతపరిచే అభ్యాసాలు కీబోర్డుతోనూ చేయగలిగేలా ఉండాలి. పటంలో ఉన్న విషయాన్ని, చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ చదివి వినిపించేలా మాటల్లో రాయాలి. తెరమీది వాక్యాలనే గొంతుతో పొల్లుపోకుండా చదివితే చాలామందికి ఏకాగ్రత చెదురుతుందని పరిశోధనలు చెబుతున్నాయి, కానీ వినిపించనివారికి సబ్‌టైటిళ్లు తప్పనిసరి కనుక, వాటిని కావలసినవారు ఆన్ చేసుకునేలా ఉంచితే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. చవక ఫోన్‌లో, అంతంతమాత్రం సిగ్నల్‌తో చదివేవారి కోసం ప్రతి వీడియోకూ తేలికైన రాతప్రతి జతచేయాలని వేరే చెప్పనక్కరలేదు.

ఇవన్నీ తెలియక ఎవరూ మానేయడం లేదు. పాఠాల తయారీకి డబ్బు నిమిషాల లెక్కన, స్లైడ్ల లెక్కన కడుతున్నారు; ఎంతమంది చివరిదాకా నొక్కుకుంటూ వెళ్లారన్నదే విజయానికి కొలతగా తీసుకుంటున్నారు. అలాంటప్పుడు 40 నిమిషాల పాఠాన్ని 15 నిమిషాలకు కుదించి, మిగిలిన సమయమంతా ప్రశ్నల రచనకూ వాటి జవాబుల వివరణకూ వెచ్చించిన రచయితకు దక్కేది తక్కువ రుసుమే. కోర్సులు చేయించుకునే సంస్థలు ఒప్పందంలోనే రెండు షరతులు చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. విడుదలకు ముందు, చూపు లేని ఒకరు, ఆ పనికి పూర్తిగా కొత్తయిన ఒకరు తప్పనిసరిగా ఉండేలా ఐదారుగురి చేత పాఠం చేయించి, వారు ఆగిపోయిన ప్రతిచోటా సరిదిద్దాలి. పూర్తిచేసిన నెల తర్వాత మళ్లీ ప్రశ్నలు పెట్టి, ఆ ఫలితం చూశాకే చివరి వాయిదా చెల్లించాలి.

ఇట్లు,
ఒక శిక్షణ పాఠాల రచయిత్రి