చైనుకి వెడల్పు ఒక్కటే కొలత కాదు

సంపాదకులకు నమస్కారం.

పాత ఖరీదైన వాచీల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. లగ్స్ మధ్య, అంటే చైను కూర్చునే కొమ్ముల మధ్య, 20 మిల్లీమీటర్లు ఉంటే కొత్త మోడల్ చైను ఏదైనా పాత వాచీకి పట్టేస్తుందని అందులో రాశారు. సరిగ్గా ఆ మాటే నేనూ నమ్మాను. మా నాన్నగారి వాచీ నేలపాలైంది. అందుకే ఈ ఉత్తరం.

అది రోలెక్స్ డేట్‌జస్ట్, 1603 మోడల్, 36 మిల్లీమీటర్ల స్టీలు వాచీ. అందులో తేదీ మార్చాలంటే ముళ్ళని అర్ధరాత్రి దాటేలా తిప్పాల్సిందే. 30 రోజుల నెల అయిపోయిన మర్నాడు పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి నాన్న ఆ పని చేస్తుండేవారు. ఐదు వరసల జూబిలీ చైను ఉండేది. ఆయన పోయాక వాచీ నా దగ్గరికి వచ్చింది. పక్కకి తిప్పి పట్టుకుంటే చైను తడిసిన తాడులా వాలిపోయేది. చైను సాగిందంటారు గానీ స్టీలు అలా సాగదు. లింకుల్లో చేరిన చెమట, దుమ్ము పిన్నుల్ని, వాటి రంధ్రాల్ని మెల్లగా అరగదీస్తాయి. ఒక్కో లింకు దగ్గర వెంట్రుకవాసి వదులు చాలు, అన్నీ కలిస్తే ఇంత అవుతుంది.

రోజూ పెట్టుకోవాలన్న ఆశతో ఈ మధ్య మోడల్‌కి వచ్చే జూబిలీ చైను కొన్నాను. అదే కంపెనీది, అసలుదే, అదే 20 మిల్లీమీటర్లు. బిగించిన షాపులో అది మొదట కూర్చోలేదు. "కొంచెం టైటుగా ఉందమ్మా, నొక్కితే సర్దుకుంటుంది" అన్నారు. నొక్కారు. చూడ్డానికి చక్కగానే ఉంది. రెండు నెలల తర్వాత బస్సు దిగుతుంటే ఒకవైపు చైను ఊడిపోయి వాచీ కింద పడింది. పాత వాచీ కదా, దాని అద్దం ప్లాస్టిక్‌ది, నిలువునా చీలింది. అద్దం మార్పించాను. కానీ నొక్కినప్పుడు లగ్స్ లోపలివైపు పడిన రెండు గాట్లు ఇప్పటికీ ఉన్నాయి, అవి పోవు.

కారణం తర్వాత ఇంకో మెకానిక్ భూతద్దంలో చూపించారు. చైను చివర, కేసుని, అంటే వాచీ ఒంటిని, ఆనుకుని ఉండే ముక్కని ఎండ్ లింక్ అంటారు. నాన్న చైనుకి అది పల్చటి రేకుతో వంచి చేసింది, లోపల బోలు. కొత్తదానికి గట్టి స్టీలు ముక్కని కోసి చేశారు. దాని వంపు, పిన్ను రంధ్రం ఉండే చోటు కొత్త కేసు కొలతకే సరిపోతాయి. పాత కేసు వంపు వేరు. పైగా ఎన్నోసార్లు పాలిష్ పట్టి అరిగిన కేసు. రేకు ముక్క అయితే కాస్త సర్దుకుంటుంది, గట్టి ముక్క సర్దుకోదు. దాంతో స్ప్రింగ్ బార్, అంటే ఆ సన్నటి పిన్ను, రంధ్రంలోకి సగమే దిగి ఆగింది. పైనుంచి చూస్తే అది తెలియదు. చైనుని రెండు వేళ్ళతో పట్టుకుని గట్టిగా లాగి, ఇటూ అటూ ఊపి చూస్తే తెలుస్తుంది. నాకు ఆ రోజు ఎవరైనా ఇదొక్కటి చెప్పి ఉంటే!

కొత్త చైను అసలు వద్దని నేననడం లేదు. నా వాచీకి చివరికి పట్టింది కూడా కొత్తదే, కాకపోతే పాతదానికి వెంటనే తర్వాతి తరానిది. ఏ చైనో చెప్పే నంబర్లు దాని లోపలివైపు చెక్కి ఉంటాయి. నాన్నది 6251హెచ్, ఎండ్ లింక్ మీద 55. ఇప్పుడు పెట్టింది 62510హెచ్, ఎండ్ లింక్ 555, అదీ రేకుదే. కేసుకీ దానికీ మధ్య వెలుతురు కనిపించడం లేదు. స్ప్రింగ్ బార్లు కూడా కొత్తవే వేయించాను. పాతవి మళ్ళీ వాడకూడదు. సరిపోకపోతే కేసుని ఆకురాయితో కొంచెం అరగదీస్తామని ఎవరైనా అంటే మాత్రం వాచీ వెనక్కి తీసుకుని వచ్చేయండి. చైను ఇంకోటి దొరుకుతుంది, అరిగిన కేసు తిరిగి రాదు.

వచ్చే ఆదివారం ఆ వాక్యానికి సవరణ వేయమని కోరుతున్నాను. వ్యాసంలో పాత చైనుని మార్పిడికి ఇచ్చేయవచ్చని కూడా రాశారు. ఇవ్వకండి. వాచీతో పుట్టిన చైను అది, నంబర్లతో సహా. మా నాన్నది మెత్తటి గుడ్డలో చుట్టి దాచాను. నా చేతికి పట్టాలంటే నాలుగు లింకులు తీయాలి. ఒక్కటీ తీయలేదు, ఆయన మణికట్టు కొలతలోనే ఉంచాను.

ఇట్లు,
రిటైరైన లెక్కల టీచరు, మీ పాఠకురాలు