సంక్రాంతి దాకా మేడ గదులు ఇవ్వలేం

ఒకప్పటి ఊరి దొర భవంతి అయిన మా గడికి వచ్చే అతిథులందరికీ నమస్కారం. దసరా సెలవులకు మేడ మీది గదులు అడిగినవారికి ముందే చెబుతున్నాం, సంక్రాంతి దాకా అవి తెరవం. కింది వసారాలో భోజనాలు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి.

కారణం పడమటి గోడ. ఈ గడిని మేం లీజుకు తీసుకోకముందే ఎవరో దానికి సిమెంటు పూయించారు. రాయి, సున్నంతో కట్టిన గోడ నేలలోని తేమను పీల్చి గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పొర పడితే ఆ తేమ బయటికి పోలేదు. లోపలి సున్నం పిండిలా రాలుతుంది, గోడలో దిగిన టేకు దూలాల చివరలు పుచ్చిపోతాయి. ఇక్కడ అదే జరిగింది. మళ్లీ సిమెంటుతోనే నెలలో ముగిస్తామని, ఖర్చు కూడా తక్కువేనని చెప్పినవారున్నారు. నేను ఒప్పుకోలేదు. డంగు సున్నమే వాడిస్తున్నాను. సున్నం, ఇసుక గానుగలో నూరాలి, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలపాలి. పలుచగా ఒక పూత వేసి, అది గట్టిపడ్డాకే మరొకటి. జోరువానలో వేస్తే కొట్టుకుపోతుంది. పైగా ఈ పని తెలిసిన మేస్త్రీలు దొరకడమే కష్టం.

2017లో తెలంగాణకు వారసత్వ కట్టడాల చట్టం వచ్చింది కానీ మా గడి రక్షిత కట్టడాల జాబితాలో లేదు. ఖర్చంతా మాదే. అందుకే వచ్చే నెల నుంచి భోజనం ధర పెంచుతున్నాం.

దొర కుర్చీలో కూర్చుని ఫొటో దిగడం కూడా ఇకపై కుదరదు. చాలామంది అదే అడుగుతారని తెలుసు. ఇలాంటి గడుల్లో ఊళ్లోని వృత్తికులాలవారు కూలి లేకుండా వెట్టి చేశారు, గడి ముందు నుంచి వెళ్లేటప్పుడు చెప్పులు చేత పట్టుకుని నడిచారు. 1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య ప్రాణాలు విడిచాక దొరల మీద తెలంగాణ రైతుల పోరాటం ఎలా రగిలిందో ఇక్కడి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. మాకు వండిపెట్టే అక్క వాళ్ల తాత ఈ గడిలోనే వెట్టి చేశాడు. ఆమె వడ్డించే చోట ఆ కుర్చీ వేడుకగా ఉండటం నాకు సమ్మతం కాదు. దాన్ని ముందు గదిలోకి మార్చి, వెట్టి గురించి ఊరివాళ్లు చెప్పిన మాటలు పక్కన రాయిస్తున్నాను.

గదులకు అడ్వాన్సు ఇచ్చినవారికి పూర్తిగా తిరిగి ఇస్తాం. తేదీ మార్చుకుంటే పాత ధరకే గది. సున్నం పని చూడాలనుకుంటే పగటిపూట రండి, పిల్లలను మాత్రం గానుగ దగ్గరికి పంపకండి. సున్నం కళ్లలో పడితే ప్రమాదం.