మంత్రి గారూ, మా ఫైలు ఏ డైమెన్షన్‌లో ఉంది?

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇది నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ ఫిర్యాదు నంబర్లు వచ్చాయి, మూడింటినీ 'పరిష్కరించబడినది' అని మూసేశారు. ఏం పరిష్కరించారో గానీ, ఎనిమిది నెలలుగా నా రీసెర్చ్ ఫెలోషిప్ డబ్బు ఒక్క రూపాయి కూడా ఖాతాలో పడలేదు.

2023 జనవరి నుంచి లెక్కగట్టి జేఆర్‌ఎఫ్ (మొదట్లో ఇచ్చే జూనియర్ ఫెలోషిప్) నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (ఆ తర్వాతి సీనియర్ ఫెలోషిప్) 42,000 రూపాయలు చేశారని తెలిసిన రోజు హాస్టల్లో స్వీట్లు పంచుకున్నాం. నా ఎస్‌ఆర్‌ఎఫ్ ఫైలు కదలనే లేదు. అది కదిలేదాకా పాత డబ్బులు కూడా రావట!

ప్రతి నెలా గైడ్ గారి సంతకం, హెడ్ గారి సంతకం పెట్టించుకుని సెక్షన్‌లో ఇస్తాను. అక్కడ మేకర్ అనే ఉద్యోగి దాన్ని పోర్టల్‌లో ఎక్కించాలి, చెకర్ అనే ఇంకో ఉద్యోగి సరిచూసి ఓకే కొట్టాలి. మేకర్ ఎక్కించేసరికి చెకర్ లీవు. చెకర్ వచ్చేసరికి పోర్టల్ బంద్. ఢిల్లీకి ఫోన్ చేస్తే యూనివర్సిటీని అడగమంటారు, యూనివర్సిటీ వాళ్లు ఢిల్లీని అడగమంటారు. పోయిన నెల సెక్షన్‌లో ఒకాయన నా కాగితం అటూ ఇటూ తిప్పి, "బ్లాక్ హోల్సా? వాటితో ఏం ఉపయోగం అమ్మా?" అన్నారు.

ఉపయోగం సంగతేమో గానీ, నేను చేసే లెక్క చెప్తాను సార్. బ్లాక్ హోల్ వేడిని వదులుతూ కరుగుతుందని, చిన్నదయ్యే కొద్దీ ఇంకా వేడెక్కుతుందని 1974లో భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ చెప్పారు. అయితే ఐదు డైమెన్షన్లలో ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సమీకరణాలకు గాస్-బోనే పదం అనే అదనపు దిద్దుబాటు కలిపితే (మనముండే నాలుగింటిలో, అంటే మూడు దిశలు, కాలం ఉన్నచోట, దాని వల్ల తేడా రాదు) కథ తిరగబడుతుంది. బాగా చిన్నదయ్యాక అది చల్లబడటం మొదలుపెడుతుంది. కరగడం నెమ్మదిస్తుంది, ఇంకా నెమ్మదిస్తుంది, ఎన్ని యుగాలైనా పూర్తవదు. ఎంట్రోపీకి (లోపలి గందరగోళం కొలతకి) కూడా హొరైజన్, అంటే దాటితే తిరిగి రాలేని సరిహద్దు, దాని వైశాల్యంలో నాలుగో వంతు అనే పాత లెక్క చాలదు, శాస్త్రవేత్త వాల్డ్ 1993లో ఇచ్చిన సూత్రం పట్టుకోవాలి. థీసిస్‌లో ఈ అధ్యాయం రాస్తుంటే నా ఫైలు గురించే రాస్తున్నానేమో అనిపించింది.

హాకింగ్ చెప్పిన ఈ కరగడాన్ని పక్కనపెట్టిన పాత క్లాసికల్ లెక్కలో హొరైజన్ వైశాల్యం ఎప్పుడూ తగ్గదు. మెస్ రిజిస్టర్‌లో నా పేరు పక్కన ఎర్ర ఇంకుతో వేసిన 31,400 రూపాయల బాకీ కూడా అంతే. మేనేజర్ గారు "అమ్మా, ఈ నెలన్నా..." అని సగంలో ఆపేస్తారు. ఇరవై తొమ్మిదేళ్ల కూతురికి మా నాన్న వడ్లు అమ్మిన డబ్బు పంపుతున్నారు. నీ డబ్బులు ఎప్పుడొస్తాయమ్మా అని అడగడం కూడా మానేశారు. అడిగినా బాగుండేది.

మహారాష్ట్ర హింగోలి జిల్లాలో, బ్లాక్ హోల్స్ ఢీకొన్నప్పుడు పుట్టే గురుత్వ తరంగాలను పట్టే లైగో-ఇండియా కేంద్రానికి 2,600 కోట్లు మంజూరు చేశారు, చాలా సంతోషం. రేపు అక్కడ అందే సిగ్నళ్లను చదవాల్సింది మాలాంటి వాళ్లే, అప్పటిదాకా ఈ లైనులో మిగిలి ఉంటే.

బకాయిలు వేయించండి సార్. ఆ మేకర్, చెకర్ ఇద్దరినీ ఒక్క రోజు ఒకే గదిలో కూర్చోబెట్టండి. బకాయిలు వేయించండి. ఈ ఉత్తరాన్ని కూడా 'పరిష్కరించబడినది' అని మాత్రం మూసేయకండి.

ఇట్లు,
నాలుగో ఏడు రీసెర్చ్ స్కాలర్, ఫిజిక్స్